డ్రిల్లు

దేవరకొండల ఫైరింజన్ ఆఫీసు ఎనక
ఆరు క్వార్టర్లు, ఒక బోరింగు, ఒక సీమచింత చెట్టు.
చెట్టుకు రైలుపట్టా ముక్క యాలాడుతుండె.
అది మోగిందంటే నాయిన
చేతిలున్న అన్నం ముద్ద నోట్లె పెట్టుకోకుంట
మళ్ల పళ్లెంల పెట్టి ఉరికేటోడు.
ఆ ముద్ద మీద అమ్మ బోర్లించిన గిన్నె
ఆయన వచ్చేదాంక ఎవ్వరూ ముట్టొద్దు.

మోగుడు శాన తక్కువ.
నెలకొక గడ్డివాము, ఎండకాలంల రెండు మూడు గుడిసెలు,
ఎప్పుడన్న ఒకపారి ఆముదాల కొట్టం.
కడమ దినాలు ఏంజేస్తరు ఆరుగురు మొగోళ్లు?

ఖాజామియా డ్రైవరు క్యారం బోర్డు మీద పౌడరు చల్లి
ఎర్రకాయ కోసం ఒక కన్ను మూస్తుండె.
బిచ్చానాయక్ సొరతీగను పారిస్తుండె
పైపులు ఆరబెట్టే టవరు మీదికి.
కాయ కోసేటందుకు
ముప్పయి అడుగుల నిచ్చెన దించేటోళ్లు,
కింద నలుగురు పట్టుకునేటోళ్లు.
విఠల్‌రావు సారు రిజిస్టర్ల రాసేటోడు: డ్రిల్లు.

బాయిల బర్రె పడ్డా,
సినిమా హాలు చూరుకు తేనెతుట్టె పెట్టినా,
పంద్రాగస్టు ముంగట బడి జెండా తాడు పైన చిక్కుకున్నా
పోవుడు, చాయ్ తాగుడు, వచ్చుడు.
డ్రిల్లు.

దసరకు ఇంజన్‌కు బంతిపూల దండేసి
పచ్చకుంకుమలు పెడితే
కొబ్బరిముక్కలు పంచేది ఖాజామియానే.
ఆయన చేతి బండి గద.
ఆ పొద్దు పిల్లలం ఎక్కి ఇత్తడి గంట
తలా ఒక్కపారి కొట్టేటోళ్లం.
రెండోపారి కొడితే ఊరు జమైతది.

ఆ ఏడు వానల్లేవు. ఎనభై అయిదో, ఆరో.
బోరింగు దగ్గుతుండె, నీళ్లు పడకపోతుండె.
కంసాలి నరహరి బిడ్డ పెండ్లి పెట్టుకున్నడు.
ఆఫీసు మెట్ల మీద కూసోని
"ఇన్నూరు మంది సారూ, ఇజ్జత్ పోతది" అన్నడు.
సారు ఏమనలె.
పెన్ను మూత తీసిండు.

ఇంజన్ పోయి గాబులు నింపింది,
డ్రమ్ములు, కాగులు, వంటోళ్ల గంగాళాలు.
బంతి లేచినంక బాయి కాడికి పోయి
మళ్ల నింపుకుందామనుకున్నరు.
బగారన్నం వాసన అసొంటిది.
నాయిన యూనిఫారంల ఉన్నోడు ఉన్నట్టే
ఇస్తారి ముంగట కూసున్నడు.

అప్పుడు మోగింది పట్టా.

కాలేది ఎవరిదో కాదు,
మాపు రేపు మాకు చాయ్ పోసే
అనసూర్యమ్మ గుడిసె.
బండి ఉరికింది. పైపు పరిచిన్రు.
నాయిన నాజిల్ గట్టిగ పట్టుకొని కాళ్లు ఊనిండు.
పైపు ఒక్కపారి గురక పెట్టింది.
అంతే.

ఎనక పెండ్లి జనం వస్తున్రు.
పట్టుచీరలు ఎగజెక్కినోళ్లు, పసుపు చేతుల నరహరి,
బాసింగం నెత్తిమీదికి జరుపుకున్న పెండ్లికొడుకు,
బిందెలతోటి, చెంబులతోటి,
పప్పు అంటిన బకీట్లతోటి
మా నీళ్లు మాకే మోసుకొచ్చిన్రు.
గుడిసె పాయె.
పక్కయి నాలుగు దక్కినయి. మేక దక్కింది.

తెల్లారి సారు రిజిస్టరు ముంగటేసుకొని
శానసేపు కూసున్నడు.
ఏం రాసిండో నాయిన చెప్పలె.
ఆదివారం పెండ్లికొడుకుతో సహా అందరు కలిసి
తాటికమ్మలు కప్పిన్రు.

అనసూర్యమ్మ తిట్టలె, శాపం పెట్టలె.
పొద్దున ఆరింటికి ఎప్పటిలెక్కనే
ఏడు గిలాసలు తెచ్చి బల్ల మీద పెట్టింది.
చక్కెర వేయలె.
రెండోనాడు వేయలె. ఇరవయ్యోనాడూ వేయలె.
ఏడుగురు తాగి "మంచిగుందమ్మా" అంటున్రు.
నిజం చెప్పింది ఖాజామియా ఒక్కడే కావొచ్చు,
ఆయనకు షుగరుండె.

ఒకనాడు నాయిన గిలాస ఒంచి చూసి ఆగిండు.
అడుగున కరగక మిగిలిన చక్కెర.
ఎవరికి చెప్పలె.
వేలితోటి తీసి
నా నోట్లె పెట్టిండు.