అవర్స్

పడవ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని
మడమ లోతు బురద దాటి
తొమ్మిదింపావుకి బడి తాళం తీశాను.
మూడో తరగతి. పదకొండు మంది.
బోర్డు మీద నిన్నటి తీసివేతలు ఇంకా ఉన్నాయి,
వాటి పక్కన మిగిలిన చోట్లో రాశాను:
మైన్, యువర్స్, హిజ్, హర్స్.

మొద్దు పెన్సిలొకటి ఎత్తి చూపించాను.
"ఎవరిది?"
"నాదండి" అన్నాడు లోవరాజు.
"మైన్ అనాలి."
"మైనండి."
సరే.
'అండి' తగిలించకుండా
ఈ లంక పిల్లల నోట ఏ మాటా రాదు.
ఇంగ్లీషుకి ఇంత మర్యాద
ఇదివరకెవరూ చేసుండరు.

పలక, మధ్యాహ్నం కంచం, తెగిన చెప్పు,
కిటికీ ఊచకి ఆరేసిన గొడుగు,
ఒక్కొక్కటీ ఎత్తుతూ పోతున్నాను.
ఇంతలో గుమ్మంలో ఓ మేకపిల్ల తల దూర్చింది.
"ఇదెవరిది?"
"దానిదండి" అని వేలు చూపించాడు ఏసుబాబు,
వీరవేణి వైపు.
"మరి మెడలో గంట?"
"దానిదేనండి." ఈసారి వేలు మేక వైపు.

అప్పుడు తట్టింది నాకు,
ఆడపిల్లకీ మేకపిల్లకీ
మన దగ్గర ఒకటే మాటని.
ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను ఈ పాఠం.
బోర్డు మీద 'హర్స్' చెరిపి
ఇంకొంచెం పెద్దగా రాశాను.
వీరవేణి తలెత్తకుండా
ఆ ఒక్క మాటతోనే పలకంతా నింపుకుంది.

తర్వాత అవర్స్.
అక్కడ పాఠం ఇసుకలో కూరుకుంది.
గ్రేసికి అన్నదమ్ముల్లేరు, అక్కచెల్లెళ్ళు లేరు,
అయినా 'అవర్ మమ్మీ' అనే రాస్తుంది.
'మై' అని దిద్దితే
"నా అమ్మ అంటే ఎవరికీ పెట్టనన్నట్టుంటదండి" అంటుంది.
దాన్ని ఇంకా దిద్దుతూనే ఉన్నాను, లోవరాజు లేచాడు.
"అవర్స్ అంటే మాదాండి, మనదాండి?"
"రెండూ."
"రెండూ ఎలాగండి?
మా చేను అంటే అందులో మీరు లేరు.
మన గోదారి అంటే మీరూ ఉన్నారు.
అవర్స్ అన్నప్పుడు మీరున్నట్టా, లేనట్టా?"

నాలుగింటి పడవకి అవతలి ఒడ్డుకి పోయేదాన్ని.
వరద హెచ్చరిక వినగానే
రాజోల్లో మేడ మీద బట్టలు తీసుకునేదాన్ని.
సుద్దముక్క రెండుగా విరిచాను, ఎందుకో.
"సందర్భాన్ని బట్టి" అన్నాను.
జవాబు తెలియని ప్రతిసారీ వాడమని
ట్రైనింగులో మాకు నేర్పిన మాట అది.

ఉక్కపోతగా ఉందని వంక పెట్టి
అందర్నీ ఏటిగట్టు మీదికి తీసుకెళ్ళాను.
"కనపడ్డవాటికి చెప్పండి."
పడవ: హిజ్, అంటే సరంగుగారిది.
అరటి గెలలు: హిజ్, షావుకారుది, ఇంకా కొయ్యకముందే.
మొవ్వులో కూర్చున్న కాకి: ఎవరిదీ కాదండి.
లోవరాజు ఏమీ అనకుండా
నీళ్ళకేసి చూపించాడు.
తల లేని కొబ్బరి మొద్దొకటి
సుడి తిరిగే చోట పైకి పొడుచుకొచ్చింది.

"ఆ మొద్దు కాణ్ణుంచి ఇటు ముప్పై సెంట్లండి.
పోయిన ఆగస్టు ఎర్రనీటికి కోసుకుపోయిందండి.
పాసుపుస్తకం ఉందండి ఇంట్లో."
"అయితే ఏమనాలి?" అన్నాను.
అనకుండా ఉండాల్సింది.

"అవర్స్" అన్నాడు వాడు,
అండి లేకుండా.
"కాదురా, హర్స్" అంది వీరవేణి,
గోదారి వైపు గడ్డం ఎత్తి.

దిద్దడానికి నోరు తెరిచాను.
తప్పు ఎవరిదో తేలలేదు.

గుడ్లు ఉడికాయని ఆయమ్మ కేకేసింది.
పిల్లలు పరుగెత్తారు,
వాళ్ళ వెనక మేకపిల్ల, దాని గంట.
ఏటి నడుమ
కొత్తగా తేలిన మేట మీద
ఎవరో అప్పుడే రెల్లు పీకి
కర్రలు పాతుతున్నారు.

దెయిర్స్ రేపు చెప్తాను.