మ్యాపులో లేని లైను

మూడు చలికాలాలు నా బిడ్డకి అదే చోట నిమ్ము.
ఎడమ పక్క, అడుగున, వేలు పెట్టి చూపించేంత చోటు.
మాత్రలకి తగ్గేది, మంచు పడితే మళ్ళీ వచ్చేది,
ఒకే జాయింటు కాడ మళ్ళీ మళ్ళీ కారే పైపు మాదిరి.
మన్ను కప్పి పోయినోళ్ళే గాని
తవ్వి చూసినోళ్ళు లేరు అప్పటిదాకా.

నేను నీళ్ళ పని ఫిట్టర్ని, చెంగల్రాయుల్ని.
తిరపతిలో ఏ వీధి కింద ఎన్నంగుళాల గొట్టం పోతాదో
కాళ్ళతోనే చెప్పగలను.
కొర్లగుంట మలుపులో వాల్వు,
బైరాగిపట్టెడలో తుప్పు పట్టిన పాత ఇనుము,
నడస్తా ఉంటే అరికాలికి తెలస్తాది.
మునిరేఖ లోపల ఏముండాదో మాత్రం
పదకొండేండ్లు తెలీలేదు.

డాక్టర్ ఖలందర్ గారు తెర మీద చూపించినారు,
రంగు మందెక్కించి తీసిన ఫోటో.
"ఇది ఊపిరితిత్తే. కానీ దీనికి గాలిగొట్టం లేదు.
పుట్టకముందే విడిపోయింది.
రక్తం కూడా ఊపిరితిత్తికి వచ్చే దారిలో రాలేదు.
గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమని ఉందే,
దాని నుంచే నేరుగా, పొట్ట వైపు నుంచి, పొరను దాటుకుని..."
ఆయన చెప్తానే ఉండాడు,
నాకు సగంలోనే అర్థమైపోయింది.
మెయిన్ లైనుకి చిల్లి పెట్టినారు, సార్.
ఆయన నవ్వినాడు. రేఖ కూడా నవ్వింది, దగ్గొచ్చేదాకా.

కడిగిన రక్తం మళ్ళీ కడిగే చోటికే పోతాదంట.
ఫిల్టరు హౌసులో శుద్ధి చేసిన నీళ్ళు
ఇంకో గొట్టంలో ఎనక్కి ఫిల్టరుకే పోయినట్టు.
గాలాడని గదిలోకి. ఊరికే.

ఒకటే అడిగినాను:
వాల్వు యాడుండాది సార్?
వాల్వు లేదన్నాడు.
ముందు దాన్ని ఎతికి పట్టుకోవాల, రెండు పక్కలా కట్టాల,
అప్పుడే కొయ్యాల. తెలీక తెగితే
మొదలు పొర కిందికి జారిపోతాది, చేతికందదు.
ఆ రాత్రి వార్డు బయట సిమెంటు బెంచీ మీద
చేతులు రెండూ తొడల కింద పెట్టుకోని కూచున్నా.
ఒకసారి నేనట్లే కోసినాను.

జీవకోన, కొండ అడుగున. ఎండాకాలం.
ఎవురూ ఎరగని ముప్పావంగుళం గొట్టం
మెయినుకి అతుక్కోని బండల సందున పోతా ఉండింది.
రంపం పెట్టినా. నీళ్ళు మనిషెత్తు లేచినాయి.
తడిసి ముద్దయి, గొట్టం ఎంబడే పైకి పోతే
ఆఖర్న ఒక రేకుల ఇల్లు, ఒక కొళాయి, కుప్పమ్మ.
దొంగ కనెక్షన్ అని రాసుకున్నా.
బిందె దించకనే అనింది:
"మీ లైను మాకాడికి రాలే గదప్పా.
దప్పి మాత్రం వచ్చింది."
సంతకం రాదనింది. వేలిముద్ర ఏయించుకున్నా.

పొద్దున పదకొండుకి తలుపు తెరిచినారు.
దొరికింది, కట్టినాము, అన్నారు.
పెన్సిలంత లావు ధమని.
స్టీలు గిన్నెలో చూపించినారు, గుప్పెడు కండ,
బూడిద రంగు, నాని చివికిన స్పంజి మాదిరి,
సొంతంగా ఒక్క ఊపిరీ పీల్చనిది.
మూడేండ్లుగా దాచిపెట్టుకున్న తిట్టు
నోటిదాకా వచ్చి నిలబడిపోయింది.
దానికి మాత్రం దారి ఎవురేసినారు?
బిడ్డ కండే గదా అదీ.

రేఖ లేచి ఇడ్లీ అడిగింది. కారప్పొడితో.

సోమవారం డ్యూటీకి పోయినాను.
ఆఫీసు గోడ మీది మ్యాపులో
మెయిను నించి జీవకోన పైదాకా
పెన్సిలుతో ఒక గీత గీసినా.
ఇదేందయ్యా అన్నాడు ఏఈ గారు.
లైను, సార్. ఇంకా ఎయ్యలేదు.

ఆయన రబ్బరు కోసం సొరుగు లాగినాడు.