ఉప్పు ప్యాకెట్టు

అబ్బాసియాలో మూడో అంతస్తు.
ఏసీ రొదలో సహన చదువుతోంది,
ఉ... పు...
కిందున్న ఒత్తుని
చెప్పుల్లా గుమ్మం బయటే విడిచేసి.

నేను దాని ఆయాని. చదువు రాదు.
ఏజెంటు చూపిన చోటల్లా వేలిముద్ర వేసి
కువైట్ వచ్చినదాన్ని.
"ఉపు" కాదని నా నాలుక్కి తెలుసు,
ఎక్కడ తప్పిందో కంటికి తెలీదు.
అందుకే, "మళ్ళీ చదువమ్మా" అంటాను.
అంతకు మించి నా దగ్గరేముంది?

కింద బకాలా బోర్డు కుడినుంచి మొదలు,
ఈ ప్యాకెట్టేమో ఎడమనుంచి.
దాని వేలు కాసేపు అటూ ఇటూ తడబడి
మళ్ళీ ఉప్పు దగ్గరికే చేరింది.

పదకొండోసారో పన్నెండోసారో,
నేను పప్పులో పొంగు తీస్తుంటే
"ఉప్పు!" అంది
ఒక్క ఊపిరిలో.

ఇక ఆగలేదు.
పప్పు, నిప్పు, డబ్బా,
రాయచోటి నుంచొచ్చిన ఊరగాయ సీసా మీద
నా కూతురు మార్కరుతో రాసిన
గం... గు... ల... మ్మ.

గరిటె పక్కన పెట్టి
"ఏదీ, ఎక్కడుందే?" అన్నాను.

నా బొటనవేలు పట్టుకుని
సున్నా మీద ఆనించింది.
నా గొంతు రెండో అక్షరం దగ్గరే ఆగింది.

"మళ్ళీ చదువు, ఆంటీ."