దరఖాస్తులో గడులు

ఇన్సూరెన్సు కంపెనీ నాలుగు పేజీలు పంపింది.
మా రాజోలు ఆసుపత్రిని జాబితాలో కలుపుకోవాలంటే
క్యాజువాలిటీలో రాత్రి కూర్చునే మనిషెవరో
ముందు దానికి తెలియాలట.

పేరు, గెడ్డం ప్రశాంతి.
చదువు, కాకినాడలో ఐదున్నరేళ్ళు, విశాఖలో మూడు.
రిజిస్ట్రేషన్ నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
పీచు మిల్లులో మా అమ్మ టోకెను నంబరూ అంతే,
దానికి గడి ఇవ్వలేదు.

వృత్తి నేపథ్యం, వంద మాటలకు మించరాదు.

సఖినేటిపల్లి రేవులో
పంటు నడిమధ్య ఇసకలో కూరుకుపోయిన రాత్రి
ఫోనులో చెబుతూ బొడ్డు కట్టించాను,
టిక్కెట్లు చింపే కుర్రాడి చేత.
వాడిప్పటికీ ఆ పిల్లకి చాక్లెట్లు కొంటాడు.
అట్లతద్ది మర్నాడు ఉయ్యాల జారిన మోచేతులు,
దింపుకెక్కి కాయకంటే ముందే నేల చేరిన నడుములు,
ఇవి మాటల లెక్కలోకి వస్తాయో రావో
అనుకుంటూ ఉండగా
వాకిట్లో ట్రాలీ ఆటో కీచుమంది.

పితాని ఏడుకొండలు, నలభై ఒకటి.
చెరువులో ఏరేటరు తిరగడం లేదని
తడికాళ్ళతో వైరు పట్టుకున్నాడు.
దార్లో తమ్ముడు గుండె మీద గుద్దుతూనే తెచ్చాడు,
ఎవరు నేర్పారో, బాగా గుద్దాడు.
కుడి అరచెయ్యి కమిలిన అరిటాకు.
మానిటరు మీద గీత
చిక్కుపడ్డ వలలా వణుకుతోంది.
కరెంటు కొట్టినవాడికి మళ్ళీ కరెంటు పెడతారా
అని భార్య అడ్డం పడింది.
పెడతాం తల్లీ, పక్కకి జరుగు.
ఒకటి. రెండు.
మూడోదానికి మంచం ఉలిక్కిపడి
గీత దారికొచ్చింది.

కౌంటర్లో సుభాషిణి అప్పటికే కార్డుతో కుస్తీ.
మిషను వేలిముద్ర అడుగుతుంది.
కుడి బొటనవేలికి ముద్ర లేదు, పొక్కు ఉంది.
ఎడమది సరిపోలలేదంది.
ఇరవయ్యేళ్ళ సున్నం, మేత, ఉప్పునీళ్ళు
ఆ గీతల్ని ఎప్పుడో మేసేశాయి.
ఫోను చేస్తే అవతల నిద్రగొంతు,
"ఫోటో పెట్టండి మేడమ్. పేషెంటు కళ్ళు తెరిచి ఉండాలి."
ఆ పని మీదే ఉన్నామండీ
అని పెట్టేశాను.

ఆమె చెవి దుద్దు మీద చెయ్యి వేసింది.
ఉంచమ్మా.
ఏ పథకానికీ చెందని తెల్లకాగితం మీద
పూచీ నాదని సంతకం పెట్టాను.
పోయిన నెల అలాంటివి మూడు,
జీతంలో ఒకటి కోశారు,
రెండు మేనేజరు ఎక్కడో మర్చిపోయాడు.
మంచివాడే, మర్చిపోవడం వచ్చు.

నాలుగున్నరకి కళ్ళు తెరిచాడు.
ఇటు చూడు బాబాయ్, ఇటు ఇటు,
అని ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది సుభాషిణి.
అతను ఫోను వైపు చూడలేదు.
మాస్కు ఎడమచేత్తో పక్కకి జరిపి
నన్ను అడిగాడు,
"రొయ్యలకి గాలందుతందాండీ?"

చెరువు అడుగున ఊపిరి సన్నగిల్లేది
సరిగ్గా ఆ గంటలోనే.
ఈ నీళ్ళ మధ్య పెరిగినదాన్ని, నాకు తెలుసు.
అందుతోందన్నాను.
చూసొచ్చినదాన్ని కాదు.
మాస్కు మళ్ళీ సర్దాను.

దరఖాస్తు మూడో పేజీ మీద బెటాడిన్ పడింది.
వారానికి వెనక్కి వచ్చింది,
మరకలున్న ప్రతులు చెల్లవని,
అనుభవం సంవత్సరాల్లో మాత్రమే రాయమని.

కొత్త కాగితం మీద ఏడు అని వేశాను.
ఏడుకొండలు మొన్న కట్టు విప్పించుకోడానికి వచ్చాడు.
పొక్కు మానింది.
బొటనవేలి మీద లేత చర్మం, నున్నగా,
ఇంకా ఒక్క గీతా మొలవలేదు.