నాలుగో రంధ్రం

గుత్తిలో నాది పంచర్ షాపు.
ట్యూబు తొట్లో ముంచకముందే
గాలి యాడ పోతాందో చెవితో పట్టేస్తా.
గొప్పకు చెప్పడంల్యా.
ఆ రాత్రి గుంతకల్లులో జరిగింది చెప్పాలంటే
ముందు ఇది చెప్పాల.

పార్సిల్ ఆఫీసు గోడ మీద కాగితం:
బ్లూస్ రాత్రి, రైల్వే ఇన్‌స్టిట్యూట్, యాభై రూపాయలు.
నీలం బట్టలేసుకోని వస్తారేమో అనుకుంటి.
అందరివీ తెల్ల బుష్‌కోట్లే,
ఇస్త్రీ మడత తగిల్తే తెగేట్టు.

టెంట్ హౌస్ కుర్చీలు నూటయాభై,
మనుషులం ముప్పై ఏడుమంది.
మే నెల. రెక్కల చప్పుడు మైకులో దూరతాందని
ఫ్యాన్లు ఆపించినారు.

గిటారు మెల్విల్ రొజారియో, ఆవిరింజన్ల కాలం డ్రైవరు.
డ్రమ్ములు ఉరుకుందు, గ్యాంగ్‌మన్‌గా రిటైరు.
పాట, రైల్వే బడి మేబెల్ టీచరమ్మ.
మూల కుర్చీలో కాళ్ళు వాచిన ఆబ్రి డిక్రూజ్,
రెండు అరచేతుల నడుమ మౌతార్గాను,
గాలికి బీడీ ఆరకుండా కాచుకున్నట్టు.

పాట ఇంగిలీషు. నాకు అందింది రెండు ముక్కలు:
ట్రైను, మనీ.
చెప్పిన మాటే ఆయమ్మ మళ్ళా చెప్తాంది,
అప్పిచ్చినోడు వాకిట్లో నిలబడి
రెండుసార్లు పేరుపెట్టి పిలిచినట్టు.
మూడోసారికి మాట మారుతాంది.

నడుమ గూడ్సుబండి వచ్చింది.
గోడలదిరినాయి. నలుగురూ ఆపేసి
యాభై తొమ్మిది వ్యాగన్లు పోయేదాకా
తల వంచుకోని కూచున్నారు.
ఆఖరి పెట్టె చప్పుడు ఆరకముందే
ఉరుకుందు ఆ చప్పుడులోంచే దరువు ఎత్తుకునె.

అప్పుడు మౌతార్గాను.
పైకెక్కతా ఎక్కతా
ఒకచోట ఉత్త గాలి పోయింది. స్వరం రాలా.
ఆయన పక్క స్వరాన్ని పట్టుకోని
వంచి, సాగదీసి, నలిపి
ఆ లేనిదాని అంచుదాకా తెచ్చి వదిలె.
ప్రతిసారీ ఆడికే వచ్చె. ప్రతిసారీ అట్లే.
నా పక్కన రిటైరైన గార్డు
కండ్లద్దాలు తీసి తుడుచుకుంటాండె.
నాకు ఏడుపు రాలా.
చెయ్యి జేబులో అతుకు కోసం ఎతుకుతాండె.

అయిపోయినాక స్టేజీ ఎనక్కి పోతి.
రమ్మన్నోళ్ళు ల్యారు, వద్దన్నోళ్ళూ ల్యారు.
బడి వార్షికోత్సవంనాటి బొట్టుబిళ్ళలు
అద్దం మీద ఇంకా అంటుకోనే ఉండాయి.
మెల్విల్ పండ్లసెట్టు స్టీలు గ్లాసులో నానేసినాడు.
టీచరమ్మ కాగితం పొట్లం విప్పి
ఉగ్గాని నాలుగు పాళ్ళు చేస్తాంది.
నన్ను చూసి ఐదు చేసింది.

పెద్దాయనా, తప్పనుకోవద్దు,
మీ బాజాలో ఎడం నించి నాలుగో రంధ్రం,
గాలి పోతాంది, అంటి.

మెల్విల్ గిటారు తుడిచేది ఆపె.
ఎవరు నువ్వు? అన్నాడు ఆబ్రి.
పంచర్లేస్తా సార్, గుత్తిలో.

నవ్వినాడు. నవ్వు దగ్గయింది,
దగ్గు తగ్గేదానికి మందు పీల్చాల్సొచ్చె.
పదకొండేండ్లాయ నాయనా.
మదరాసులో వాయించినా, బెంగుళూరులో వాయించినా.
అందరొచ్చి చెయ్యి పట్టుకోని
ఎంత బాధ సార్ మీ వాయింపులో, అంటారు.
బాధ గాదు. రేకు తెగింది.

నాకు తెలుసు, అన్నాడు ఉరుకుందు,
మిరపకాయ బజ్జీ తొడిమ గిల్లతా.
సుత్తితో కొట్టి పట్టా పగులు పట్టినోన్ని.
మొదటిరోజే తెలుసు.

మరి చెప్పలేదేందిరా?

చెప్తే కొత్తది కొంటావని.

ఎవరూ ఏమీ అన్ల్యా.
టీచరమ్మ చట్నీ నా పక్కకు జరిపింది.
ఆబ్రి ఆ మౌతార్గానును
తన చొక్కాకొనతో తుడిచి నా చేతిలో పెట్టె.
ఇత్తడి వాసన, దగ్గుబిళ్ళ వాసన, ఇంకా వెచ్చగానే ఉండాది.
చిన్న రేకు. దొరికితే పదినిమిషాల పని.
నేను ఆ మాట ఎత్తలా.
ఆయనా అడగలా.
తిరిగిచ్చేస్తి.

తెల్లారి షాపు తీస్తానే
పాలబండి సిద్దప్ప ట్యూబు తెచ్చినాడు.
తొట్లో ముంచితి.
సన్నంగా, వరసగా బుడగలు.
ఏమన్నా, యాడుందో కనబడతాంది గదా,
అట్లే చూస్తాండావే, అనె.
ఉండప్పా, అంటి,
ఇంకో రెండు రానీ.