ఏడో గడి

ఫారంలో ఏడో గడి:
రోగితో సంబంధం.
తల్లి, మొగుడు, మేనమామ,
ఎవరో ఒకరి పేరు రాసి
వేలిముద్ర వేయించుకోవాలి.
ఎవరూ రాని రోజు
ఆ గడి నా వైపు చూస్తుంది.

చినవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో
మెట్ల కింద నా గది.
ఒకప్పుడు దుప్పట్లు దాచేవారట.
తలుపు మీద నా ఉద్యోగం పేరు
వానకి సగం ఊడి
‘సోషల్’ ఒక్కటే మిగిలింది.
వార్డుబాయ్ అప్పన్నదొర ఓసారి
కొడుకు మార్కుల కాగితం పట్టుకొచ్చాడు,
‘మేడమ్, ఆడికి సోషల్ కొంచెం చూడండి’ అని.

చూశాను. ఏం చేస్తాం.

మందు రాయను. సూది గుచ్చను.
డబ్బు నా దగ్గర లేదు.
ఆధార్‌లో తప్పుపడ్డ ఒక్క అక్షరం కోసం
సచివాలయంలో వరసన నిలబడతాను.
ఏడుస్తున్న మనిషి పక్కన
ఏడుపు ఆపమనకుండా కూర్చుంటాను.
ఈ చివరిదానికి
నెలవారీ రిపోర్టులో గడే లేదు.

యూనివర్సిటీలో మాస్టారు చెప్పేవారు:
‘మనిషి దారి మనిషే ఎంచుకుంటాడు.
నువ్వు లాంతరు పట్టుకో,
చెయ్యి పట్టుకు లాక్కెళ్ళకు.’
ఆ ప్రశ్నకి నాకు పదికి తొమ్మిదొచ్చాయి.
పోయిన ఒక్క మార్కు ఎక్కడుందో
పోలమాంబ వచ్చాకే తెలిసింది.

అర్జిల్లి పోలమాంబ.
హార్బర్లో రొయ్యలు ఒలుస్తుంది.
ఐసుకీ ఉప్పుకీ వేలిరేఖలు అరిగిపోయి
రేషన్ మిషను ఎప్పుడో మర్చిపోయిన చేతులు.
క్షయ. రెండుసార్లు సగంలో మానేసిన కోర్సు.
ఆమె కోసం పదకొండు ఫోన్లు చేసి
ఒక పెద్దాయన గుమ్మంలో గంటన్నర నిలబడి
మధురవాడ అవతల ఓ హోంలో చోటు సంపాదించాను.
మంచం, మూడుపూటలా తిండి, కిటికీ.
గెలిచినదాన్లా నడిచాను వార్డులోకి.

‘ఆడ సంద్రం ఇనపడతాదేటమ్మా?’

లేదన్నాను. కొండ అడ్డం.

‘అయితే నానెల్నమ్మా.
ఇంటికాడ మంచం నేదు గానీ
రేత్రి బోట్లు తిరిగొచ్చినప్పుడు
ఎవుల బోటో మోత బట్టి సెప్పేస్తాను.
ఆడకెల్తే నానెవుల్ని?’

నిజం చెప్పాలంటే
జాలి కలగలేదు, కోపమొచ్చింది.
నా పదకొండు ఫోన్ల మీద
ఆమె దగ్గి ఉమ్మేసినట్టు.
డాబా ఎక్కాను.
దూరంగా నీళ్ళ మీద ఓ ఓడ
రేవు నుంచి రావాల్సిన చిన్న పడవ కోసం ఆగి ఉంది.
ఆ పడవ ఓడని మోయదు,
దారి తెలిసిన మనిషినొకణ్ణి ఎక్కిస్తుంది, అంతే.
ఓడ తన ఇంజను మీదే కదలాలి.
ఈ పోలిక మాస్టారికి నచ్చేది.
ఆ సాయంత్రం నాకు నచ్చలేదు.

డిశ్చార్జి కాగితం మీద
ఇదిగో ఇక్కడ, అని చూపించాను.
సిరా ఎక్కువై బొటనవేలు జారి
ముద్ర వెళ్ళి ఏడో గడిలో పడింది.
గీతల్లేని ముద్ర, ఒట్టి నల్ల మచ్చ.
గుమాస్తా మళ్ళీ వేయించమన్నాడు.
ఫారాలు అయిపోయాయని అబద్ధమాడాను.

ఇప్పుడు మంగళవారాలు
తెల్లారకుండానే హార్బరు.
ఐసు ముక్కల మీద జారుతూ వెళ్ళి
మాత్ర మింగిందాకా పక్కన కూర్చుంటాను.
మిగతా రోజులకి పక్కగంప ఎర్రెమ్మ సాక్షి.
ఓ వారం మింగుతుంది.
ఓ వారం ‘కడుపులో తిప్పేస్తంది, రేపు’ అంటుంది.
‘రేపు’ రాయడానికి కార్డులో చోటు లేదు.
మార్చి ముప్పై ఒకటి దాటితే
నా కాంట్రాక్టుకీ ఎవరో ఒకరు
సంతకం పెట్టాలి.

తిరిగొచ్చే సిటీబస్సులో
నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే,
చీర అంచుకి రొయ్యల నీచు.
నిన్న ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది,
‘హార్బర్లో మీకు ఎవరున్నారమ్మా?’

టికెట్టు నాలుగు మడతలు పెట్టాను.
స్టాపు వచ్చిందని చెప్పి లేచాను.

అది నా స్టాపు కాదు.