కొత్త రికార్డింగ్ పదిహేడు

ఫైలుకు ఫోన్ పెట్టిన పేరు అది.
నేను మార్చలేదు.

మొదట కుక్కర్ విజిల్.
తర్వాత ట్యానరీ రోడ్డు మీద అంబులెన్స్.
అది దాటేదాకా ఇద్దరం ఆగాం,
ఆ ఆగడమూ రికార్డయింది.

"పేరు చెప్పండి" అన్నాను.
"ఎవరిది?" అంది జైబున్ బీ.

నా కాగితం మీద పన్నెండు ప్రశ్నలు.
నాయకత్వం అన్న మాట నాలుగుచోట్ల ఉంది.
ఆవిడ దక్కనీ, నా తెలుగు,
మధ్యలో ఇద్దరికీ సగమే వచ్చిన కన్నడం.
ఆ మాట మూడింట్లోనూ ఇమడక
"మీరు చేసిన పని" అని అడిగాను.
"పనా? ఊదుబత్తీలు చుట్టడం. వెయ్యికింత."
చెబుతూనే చుడుతోంది.
పీట మీద అరచేయి జారే చప్పుడు
మాటల కింద సన్నగా, ఆగకుండా.

గడప ముందు చెప్పుల జతలు లెక్కపెట్టి
బియ్యం కొలిచిందట మొదట్లో.
ఒక గది ముందు మూడు జతలు.
లోపల పదకొండుమంది బీహారు కుర్రాళ్లు,
వంతులేసుకుని బయటికెళ్తారు.
ఆ రోజు నుంచి చెప్పుల్ని నమ్మలేదు.

"ఆ నెలంతా టీవీలో మా పేరే రోగం పేరు.
పక్క వీధివాళ్లు గేటుకు తాళం వేశారు.
రెండో వారం గేటు కిందనుంచి
ఒక సంచి తోశారు.
ఖాళీది."
నవ్వింది.
"నింపావా?"
"మరి? సంచి తప్పేముంది?"

ఇరవై రెండో నిమిషంలో అరచేయి ఆగింది.

"ఆడవాళ్లకు కడపటి స్నానం నేనే చేయిస్తాను,
మా అమ్మ నేర్పింది.
ఆస్పత్రిలో నీళ్లు నక్కో అన్నారు.
జిప్ తీయొద్దన్నారు.
గ్లౌజుకు మట్టి అద్దుకుని
సంచి మీదే నిమిరాను.
మొహం ఎటుందో తెలియలేదు.
అడిగాను దాన్నే:
తల్లీ, మొహం ఎటు?"

తర్వాత, "ఆపు."

ఆపాననే అనుకున్నాను.
ఇంటికొచ్చి వింటే ఇంకో నాలుగు నిమిషాలున్నాయి.
వాటిని చెరిపేశాను.
ఏముందో ఇక్కడా రాయను.

ఆఫీసువాళ్లు ఫోటో కావాలన్నారు.
ఆవిడ తన మొహం పంపలేదు,
నోటుపుస్తకంలో ఒక పేజీ పంపింది.
ఉర్దూ అక్షరాలు.
ఏ కొసనుంచి మొదలుపెట్టాలో కూడా తెలియక
కోడలు నౌషీన్‌కు ఫోన్ చేస్తే చదివి వినిపించింది:
ఏడో నంబరు ఇల్లు, నాలుగు కిలోలు.
మేడ మీద టైలరు, రెండున్నర.
ముసలమ్మ గ్రేసీ, ఒకటి, మెత్తగా ఉడికేవి.
గేటు అవతల సంచి, అయిదు.

ఒక వరుస దగ్గర నౌషీన్ తడబడింది.
"ఇది మా ఇల్లే.
రెండు అని రాసి కొట్టేసింది, చూడండి.
పక్కన, రేపు."

ప్రతి పేజీలోనూ
ఆ వరుస అలాగే ఉందట.